కిర్రు కిర్రు కారు, కల్తీ లేని మాట

చింతలమెరకలో బుద్ధిమంతుల ఇల్లు ఎక్కడని అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పరు. ఆ ఇంటివాళ్ళే ఎదురొచ్చి చెబుతారు, మాదే అని.

ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళని పెంచిన మేనత్త. పెద్దవాడు గవర్రాజు, నడిమివాడు పేర్రాజు, చిన్నవాడు ఏడుకొండలు. మేనత్త పేరు అచ్చియమ్మ. ఎవరేం చెబితే అది చెప్పినట్టే చెయ్యడం, అందులో పిసరంతైనా సొంత ఆలోచన కలపకపోవడం ఆ ఇంటి గొప్ప. పాలలో నీళ్ళు కలిపితే కల్తీ, మాటలో బుర్ర కలిపితే అదీ కల్తీయే అంటుంది అచ్చియమ్మ. ఊరంతా కల్తీ మనుషులేనని, అచ్చమైన సరుకు తమ ఇంట్లోనే మిగిలిందని ఆవిడకి గట్టి నమ్మకం.

ఏ పనికైనా ముందు వీధి అరుగు మీద సభ పెట్టడం వాళ్ళ ఆచారం. అచ్చియమ్మ పీట మీద కూర్చుంటుంది. ఏడుకొండలు బయట విన్న మాటని పొల్లుపోకుండా అప్పజెబుతాడు. పేర్రాజు బలపరుస్తాడు. బలపరిచినదాన్ని గవర్రాజు ఇంకోసారి బలపరుస్తాడు. కాదనేవాళ్ళు ఉన్నారా అని అచ్చియమ్మ అడుగుతుంది. ఉన్నారు. గవర్రాజు పెళ్ళాం కనకరత్నం ఉంది. కానీ ఆవిడ కాదనేది వంటింట్లోంచి, వంటింటి మాట అరుగు మీదికి రాకూడదని నియమం. అంతే, ఏకగ్రీవం. నాలుగు తలకాయలు ఒకే వైపు ఊగితే అదే తెలివి అనుకునే సభలు పెద్ద పెద్ద ఊళ్ళలోనే ఉన్నాయి, చింతలమెరకని ఒక్కదాన్నీ అని ఏం లాభం.

ఆ ఇంటికో పాత తెల్ల కారు ఉంది. గతుకు తగిలితే చాలు, అడుగున కిర్రుమంటుంది. ఒక్క కిర్రు కాదు, ముందు చక్రాల దగ్గర ఒకటి, వెనక చక్రాల దగ్గర ఇంకొకటి, మధ్యలో ఎవరిదో గొంతు పిసికినట్టు మరొకటి. కనకరత్నాన్ని పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళింది ఆ కారులోనే. దారిపొడుగునా జనం పొలాల్లోంచి లేచి నిలబడి చూశారు. ముంగిళ్ళపాడులో పుట్టింటి గుమ్మం ముందు దిగాక ఆవిడ మొగుడితో ఒకే మాట అంది.

"ఈ చప్పుడు పోగొట్టి, పిల్ల నిద్ర చెడకుండా తీసుకెళ్ళగలిగితేనే రండి. లేకపోతే నేనూ రాను, నా పిల్లా రాదు."

ఆడపిల్ల పుట్టింది. గవర్రాజు వెళ్ళి చూసొచ్చాడు. గుప్పెడంత మొహం, అందులో సగం నోరు. చూసొచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలో లేడు. ఇంట్లో ఉయ్యాల కట్టాడు. దాని మీద పాత చీర కప్పాడు, దోమలు కుట్టకుండా. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఖాళీ ఉయ్యాల ఊపుతాడు. ఎందుకురా అంటే, పిల్ల వచ్చేసరికి చెయ్యి అలవాటు పడాలి కదా అంటాడు. వెర్రివాడే, కానీ ఆ ఊపడంలో మాత్రం కల్తీ లేదు.

ఐదో నెల రాగానే పిల్లని తెచ్చుకోవాలి. అందుకని సభ పెట్టి, కారుని రోడ్డు సెంటర్లో ఉన్న మెకానిక్ లాజరు షెడ్డుకి తోలుకెళ్ళారు.

లాజరు పనిలో ఉండి తల ఎత్తకుండానే బండి అక్కడ వదిలెయ్యమన్నాడు. అంతే, గవర్రాజు వదిలేశాడు. స్టీరింగ్ వదిలేశాడు, బ్రేకు మీద కాలు వదిలేశాడు, తలుపు తీసుకుని దిగిపోయాడు. కారు తన దారిన తను వాలులో దొర్లుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, లాజరు టీ గ్లాసునీ, స్టూలునీ, పాత టైర్ల గుట్టనీ పలకరించి గోడ దగ్గర ఆగింది. లాజరు పగిలిన గాజుపెంకులు ఏరి పక్కన పడేశాడు. తరవాత చాలా మర్యాదగా, గవర్రాజుగారూ, ఈ బండి నేను చెయ్యను, చేసే విధానం చెబుతాను, మీ ఇంటి దగ్గరే చేసుకోండి అన్నాడు.

చక్రాల దగ్గర ఇనుముకీ ఇనుముకీ మధ్య మెత్తగా రబ్బరు ముక్కలుంటాయి, వాటిని బుష్‌లంటారు, అవి ఎండిపోయి అరుస్తున్నాయని చెప్పాడు. వాటికి కందెన కావాలి. కానీ ఏది పడితే అది రాయకూడదు.

"రబ్బరుకి ఏది ఇష్టమో అదే పెట్టాలి. నూనె మాత్రం పెట్టకండి. నూనె రబ్బరుని తినేస్తుంది."

ఏడుకొండలు ఆ మాటని అరుగు మీద అప్పజెప్పేసరికి అచ్చియమ్మ మొహం పాలిపోయింది. ఇంట్లో నూనె డబ్బా ఉంది. ఇంట్లో రబ్బరు చెప్పులూ ఉన్నాయి. రెండూ ఒకే కప్పు కింద. ఇన్నాళ్ళూ ఎంత ప్రమాదంలో బతికాం రా అంది. ఇంకేముంది, చెప్పులు తెచ్చి దేవుడి గూట్లో పెట్టారు. నూనె డబ్బాకి మోకు కట్టి వంటింటి స్తంభానికి బిగించారు. పేర్రాజు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. డబ్బా కదల్లేదు. కర్రని చూసి జడిసిందని పేర్రాజు ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పూట తాలింపు లేని పప్పు తిన్నారు, ప్రాణాలతో బయటపడ్డామన్న తృప్తితో.

ఇక రబ్బరుకి ఏది ఇష్టమో తెలుసుకోవాలి. తెలుసుకోవడమెలా? పెట్టి చూడాలి. అచ్చియమ్మ అరిటాకు కోయించింది. కారు కిందికి దూరి, చక్రం పక్కన ఆకు పరిచి, నెయ్యి, వెన్న, గంజి, సబ్బుముక్క, కొబ్బరిపాలు, కాస్త ముద్దపప్పు వరసగా వడ్డించారు. కొత్తవాళ్ళ ముందు తినడానికి సిగ్గుపడుతుందేమోనని అందరూ లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. మధ్యాహ్నం వచ్చి చూస్తే నెయ్యి ఉన్నచోట ఆకు అద్దంలా మెరుస్తోంది. పక్కింటి కుక్క మూతి నాక్కుంటూ గోడ దూకుతోంది, కానీ దాని గురించి లాజరు ఏమీ చెప్పలేదు కదా, కాబట్టి వీళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

రబ్బరుకి నెయ్యి ఇష్టం. ఏకగ్రీవం.

నెయ్యి నూనె అవుతుందా కాదా అని పేర్రాజుకి ఒక అనుమానం రాబోయి, అనుమానం అంటే కల్తీ కనక, ఆగిపోయింది. పిల్ల ఇంటికొచ్చే రోజు దీపం పెడదామని దాచిన నెయ్యంతా కరిగించి నాలుగు చక్రాల దగ్గరా పోశారు. కారు తీశారు. కిర్రు కిర్రుమంది, ఎప్పటిలాగే. ఎప్పుడూ లేనిదల్లా వెనకాల కుక్కలు. సంత దాటేసరికి ఊళ్ళో కుక్కలన్నీ నాలుకలు చాపుకుని చక్రాల వెంట పరిగెడుతున్నాయి. ముందు కిర్రు, వెనక భౌ. ఊరేగింపుకి ఏ లోటూ లేదు.

మళ్ళీ లాజరు దగ్గరికి వెళ్ళారు. కారు కిందికి తొంగి చూసిన లాజరుకి చీమల బారు కనపడింది. అతను కణతలు నొక్కుకున్నాడు. ముందు ఏ బుష్ అరుస్తోందో కనిపెట్టండి బాబూ అన్నాడు. ఒకళ్ళు బండిని ఊపండి, ఇంకొకళ్ళు ఒక్కో బుష్ మీదా చెంబుడు నీళ్ళు పొయ్యండి, ఎక్కడ పోస్తే చప్పుడు ఆగుతుందో చూడండి అన్నాడు.

అది చెయ్యడం వాళ్ళకి బాగానే వచ్చింది. పేర్రాజు ఊపాడు, ఏడుకొండలు చెంబు వంచాడు, కిర్రు ఆగింది. అక్కడితో ఆగితే వాళ్ళు వాళ్ళెందుకవుతారు? నీళ్ళు పోస్తే చప్పుడు ఆగుతుంది. నీళ్ళు ఆరితే మళ్ళీ వస్తుంది. కాబట్టి నీళ్ళు ఆరకూడదు. ఏడుకొండలు ఈ మూడు మాటలూ అరుగు మీద చెప్పగానే అచ్చియమ్మ కళ్ళు చెమర్చాయి, చిన్నవాడు ఇంత ఎదిగాడని. నీళ్ళు ఎప్పుడూ ఆరని చోటు ఊరి చివర పంట కాలవ. అంతే, కారుని రేవులోంచి మెల్లగా కాలవలోకి దింపేశారు.

నిజంగానే కిర్రు లేదు. ఇంజను కూడా లేదు. గవర్రాజు నడుములోతు నీళ్ళలో స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, విన్నావా పేర్రాజూ, ఎంత హాయిగా ఉందో అన్నాడు. గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వి నవ్వి బట్టలు కాలవలో వదిలేసుకున్నారు.

కారుని బయటికి లాగింది ఊళ్ళో కిరాయికి తోలే అబ్బులు ఎడ్లబండి. ఆ బండి సంగతి ఒక మాట చెప్పాలి. అబ్బులు వాళ్ళ నాన్న పోయిన తరవాత దాని ఇరుసుకి కందెన వేసినవాడు లేడు. అది వస్తోందంటే పక్క ఊళ్ళో కూడా కిర్రుమని వినపడుతుంది. అబ్బులు దానికి అలవాటుపడి అందులోనే కునుకు తీస్తాడు. ఎడ్లకి దారి తెలుసు.

తడిసిన ఇంజను ఆరబెట్టి బాగుచేసేసరికి లాజరుకి ఆ కుటుంబం అంటేనే జ్వరం వచ్చే స్థితి వచ్చింది. వాళ్ళు మూడోసారి నోరు విప్పకముందే అలమరలోంచి ఒక డబ్బా తీసి గవర్రాజు చేతిలో పెట్టాడు. ఇది సిలికాన్ గ్రీజు, రబ్బరుని ఏమీ చెయ్యదు, దీనికి నెయ్యి కలపకండి, నీళ్ళు కలపకండి, మీ తెలివి అసలే కలపకండి అన్నాడు. మా ఇంట్లో ఆ అలవాటే లేదన్నాడు గవర్రాజు, గర్వంగా. అప్పుడు లాజరు చివరి మాట ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు.

"ఎక్కడ చప్పుడు వస్తే అక్కడ పెట్టండి. చప్పుడు ఆగేదాకా పెట్టండి. మళ్ళీ నా దగ్గరికి రాకండి."

బుష్‌ల దగ్గర నట్టులు బిగించేటప్పుడు బండి మీద బరువు ఉండాలని కూడా చెప్పాడు. అందుకని బుష్‌లన్నిటికీ గ్రీజు పెట్టాక అచ్చియమ్మా, ముగ్గురు అన్నదమ్ములూ కారెక్కి కూర్చున్నారు. బరువు బాగానే ఉంది. బిగించేవాళ్ళు లేరు. అలా చాలాసేపు కూర్చున్నారు, ఎవరో ఒకరు బిగిస్తారని. చివరికి ఆ దారిన పోతున్న అబ్బులు ఏమిటని అడిగి, తలకొట్టుకుని, కిందికి దూరి బిగించి పోయాడు. ఇదంతా అయ్యాక కారు తీస్తే, నిజం చెప్పాలి, చప్పుడు లేదు. గతుకులో పడ్డా లేదు. పిల్లి నడిచినట్టు నడిచింది. గవర్రాజుకి ఏడుపొచ్చింది.

మిగిలిన గ్రీజులో సగం ఒక గిన్నెలోకి తీసి అచ్చియమ్మ దగ్గర ఉంచారు, ఇంటి అవసరానికి. సగం డబ్బాతోనే పట్టుకుని అన్నదమ్ములు ముగ్గురూ ముంగిళ్ళపాడు బయల్దేరారు. వెళ్ళేటప్పుడు అచ్చియమ్మ, నేను హారతి పట్టుకుని గుమ్మంలోనే ఉంటాను, పిల్ల నిద్ర చెడిందో మీ సంగతి చెబుతాను అంది.

ముంగిళ్ళపాడులో పిల్ల ఉయ్యాలలో నిద్రపోతోంది. ఆ ఉయ్యాల కొక్కెం తుప్పుపట్టి, ఊపినప్పుడల్లా కిర్రు కిర్రుమంటోంది. అది విని ఏడుకొండలు డబ్బా మూత తియ్యబోయాడు. కనకరత్నం వాళ్ళమ్మ వాడి చెయ్యి మీద ఒకటి వేసింది. కనకరత్నం కారు ఎక్కకుండా ముందు దాన్ని ఊపించి చూసింది, గతుకు మీద తోలించి చూసింది. చప్పుడు లేదు. మొగుడి వంక కొత్తగా చూసింది. ఈ మనిషి నా కోసం ఒక పని పూర్తి చేశాడన్నమాట, అనుకుంది. పిల్లని ఎత్తుకుని ఎక్కింది.

కారు కదిలింది. నిశ్శబ్దం. ఊరి పొలిమేర దాటకముందే పిల్ల కళ్ళు విప్పింది. అటు చూసింది, ఇటు చూసింది, ఏదో పోగొట్టుకున్నదానిలా పెదవి విరిచి, ఆ పైన అందుకుంది. కప్పు లేచిపోయేలా ఏడుపు. పాలు పట్టినా ఆగదు, జోకొట్టినా ఆగదు. కనకరత్నానికి అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ కిర్రు వింటూ నిద్రపోయిన పిల్ల. కిర్రు లేకపోతే దానికి లోకమే లేదు.

వీళ్ళకి అర్థమైంది వేరు. చప్పుడు వస్తోంది, అంతే. గవర్రాజు కారు ఆపాడు. పేర్రాజు కారు కిందికి దూరి చూశాడు, అక్కడ కాదు. ఎక్కడ నీళ్ళు పోస్తే ఆగుతుందో చూడాలి కదా, ఏడుకొండలు కాలవలో చెంబు ముంచుకొచ్చి, పిల్ల నోటికి గురిచూసి ఎత్తాడు.

కనకరత్నం చెంబుని చూసింది, మరిదిని చూసింది, కారు దిగిపోయింది. చెంబు కాలవలో పడింది. తనంత తాను పడలేదు.

అదే సమయానికి వెనక నుంచి అబ్బులు బండి వస్తోంది, కొబ్బరిడొక్కలు, అదే ఎండు పీచు తొక్కలు వేసుకుని, ఇరుసు అరుచుకుంటూ. ఆ కిర్రు దగ్గరవుతున్నకొద్దీ పిల్ల ఏడుపు తగ్గింది. బండి పక్కకి వచ్చేసరికి ఆవలించింది. కనకరత్నం బండెక్కి డొక్కల మీద కూర్చుంది. పిల్ల నిద్రపోయింది. తల్లికి కూడా ఎన్నాళ్ళ అలసటో, కళ్ళు మూతపడ్డాయి.

వెనకాల కారులో ముగ్గురూ మెల్లగా వస్తున్నారు, గవర్రాజు మొహం వేలాడేసుకుని. ఇంత కష్టపడి చప్పుడు పోగొడితే పెళ్ళాం పోయి చప్పుడు బండి ఎక్కిందే అని వాడి బాధ. అన్నయ్యా, వదిన ఎక్కిన బండి కిర్రుమంటోంది, పాపం పిల్ల ఎలా నిద్రపోతుంది అన్నాడు పేర్రాజు. లాజరు ఏమన్నాడు, ఎక్కడ చప్పుడు వస్తే అక్కడ అని కదా అన్నాడు ఏడుకొండలు. సభ పెట్టాల్సిన పనే లేకపోయింది. కాలవ లాకుల దగ్గర ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి అబ్బులు బండి ఆపాడు. ముగ్గురూ కారు దిగి, మునివేళ్ళ మీద నడిచొచ్చి, రెండు వైపులా దూరి, డబ్బాలో గ్రీజంతా ఇరుసుకి దట్టించేశారు.

బండి కదిలింది. ఇంకేముంది, ఏళ్ళనాటి కిర్రు ఒక్కసారిగా మాయమైంది. అబ్బులు ఉలిక్కిపడి, బండి ఏదీ అని వెనక్కి చూశాడు. ఎడ్లు కూడా ఆగి చూశాయి. పిల్ల లేచింది, ముంగిళ్ళపాడుకి వినపడేలా ఏడ్చింది. కనకరత్నం కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మోచేతుల దాకా గ్రీజుతో, శభాష్ అంటుందని ఎదురుచూస్తూ మూడు మొహాలు.

ఆవిడ అరవలేదు. అరిచే ఓపిక కూడా వాళ్ళ మీద దండగని తెలుసు.

"ఆ చప్పుడు మళ్ళీ రావాలి. మీరేం చేస్తారో నాకు తెలీదు. అది వినపడుతున్నంతసేపే నేను మీ ఇంటివైపు వస్తాను. ఆగిందా, అక్కణ్ణించే వెనక్కి."

మాట స్పష్టంగా ఉంది. అంతే, కారుని లాకుల దగ్గరే వదిలేసి ముగ్గురూ బండి పక్కన నడుస్తూ నోటితో అందుకున్నారు. గవర్రాజు కిర్రు. పేర్రాజు కిర్రు. ఏడుకొండలు గొంతు పిసికినట్టు సన్నగా కీచు. ఎన్నో ఏళ్ళు ఆ కారులో తిరిగారేమో, అచ్చం అలాగే వచ్చింది. పిల్ల ఏడుపు ఆపి వింది. ముద్దగా ఒక నవ్వు నవ్వి, నిద్రలోకి జారింది. దారిలో జనం పొలాల్లోంచి మళ్ళీ లేచి నిలబడ్డారు. గవర్రాజు గొంతు బొంగురుపోయింది, ఆపలేదు. దుమ్ము నోట్లోకి పోయింది, ఆపలేదు. కనకరత్నం వాడి వంక చూస్తూ ఉండిపోయింది. మూర్ఖుడే, కానీ పిల్ల కోసం ఊరి మధ్యలో ఇరుసులా అరిచే మొగుళ్ళు ఎంతమంది ఉంటారు అనుకుంది. పోనీలే, ఇంట్లో అడుగుపెడదాం అనుకుంది. వంటింట్లోంచి కాకుండా ఈసారి అరుగు మీదే కూర్చుని మాట్లాడదాం అని కూడా అనుకుంది.

ఇల్లు వచ్చింది. గుమ్మంలో అచ్చియమ్మ, ఒక చేతిలో హారతి పళ్ళెం, పక్కన అరుగు మీద గ్రీజు గిన్నె. దూరం నుంచే ఆవిడకి కిర్రు కిర్రు వినపడింది. చప్పుడు పోలేదన్నమాట. పిల్ల నిద్ర చెడుతుందన్నమాట. చెవి రిక్కించి చూసింది, బండి దగ్గర కాదు. బండి ఇంకాస్త దగ్గరికి వచ్చింది. చప్పుడు మేనల్లుళ్ళ నోళ్ళలోంచి వస్తోంది.

ఎక్కడ చప్పుడు వస్తే అక్కడ. చప్పుడు ఆగేదాకా.

అచ్చియమ్మ పళ్ళెం కింద పెట్టి గిన్నె అందుకుంది. పెద్దవాడి నోట్లో గుప్పెడు. నడిమివాడి నోట్లో గుప్పెడు. చిన్నవాడు పరిగెత్తబోతే జుట్టు పట్టుకుని మరీ పెట్టింది. ముగ్గురూ అత్త మాట జవదాటని పిల్లలు. నోళ్ళు మూసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నిలబడ్డారు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. అచ్చియమ్మ చేతులు తుడుచుకుని, చూశార్రా, మాటలో కల్తీ కలపకపోతే పని ఎలా అవుతుందో అంది. మూడు తలకాయలు ఒకే వైపు ఊగాయి.

బండి మీద పిల్ల కదిలింది. కనకరత్నం వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా తనే కిర్రు, కిర్రు అంది. అబ్బులుకి వెనక్కి తిప్పమని చెయ్యి చూపించింది. బండి తిరిగింది. కొత్త గ్రీజు కదా, ఇరుసు మీద వెన్నలా జారిపోయింది. మలుపు తిరిగి వెళ్ళిపోయినట్టు ఎవరికీ వినపడలేదు.

అచ్చియమ్మ హారతి వెలిగించి వెనక్కి తిరిగేసరికి వీధిలో ఎవరూ లేరు. కోడలు పిల్లని తీసుకుని అప్పుడే లోపలికి వెళ్ళిపోయిందని, ఎంత నెమ్మదిగల పిల్లో, అడుగు చప్పుడు కూడా కానివ్వలేదని మురిసిపోయింది. పిల్ల నిద్రలో ఉంది, ఎవరూ ఉయ్యాల మీద ముసుగు తీసి చూడకండి అని గట్టిగా చెప్పింది.

మాట అంటే మాటే. గవర్రాజు లోపలికి వెళ్ళి, చీర కప్పిన ఉయ్యాల పక్కన కూర్చుని, అలవాటైన చేత్తో మెత్తగా ఊపడం మొదలుపెట్టాడు. తమ్ముళ్ళు అటొకడు ఇటొకడు నిలబడ్డారు. గ్రీజు నోటితో గవర్రాజు నవ్వాడు. పెదవుల మీద వేలు పెట్టి, ఉయ్యాల చూపించి, ఎంత బుద్ధిగా నిద్రపోతోందో చూడండిరా అన్నట్టు సైగ చేశాడు.